పీర్జాదిగూడ ల్యాబులో దిగని ఫైలు

నేను ఇంటర్నెట్ కంపెనీలో చేరిన రోజు నాకిచ్చిన ట్రైనింగ్ మొత్తం ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు. మోడెం ఆపి మళ్లీ వేయమనండి. వైరు గట్టిగా బిగించమనండి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేయమనండి. అప్పటికీ కాకపోతే మా మనిషి వస్తాడని చెప్పండి. ఆ కాగితాన్ని టేబుల్ మీద అద్దం కింద పెట్టుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఉప్పల్ చౌరస్తా దగ్గర ఒక బిల్డింగు మూడో అంతస్తులో కూర్చున్నాను. కింద వరంగల్ బస్సుల హారన్లు, చెవిలో జనం కోపం.

ఇప్పుడు అదే పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఏ ఫారం ఎలా నింపాలో రాయను. అవి ఎవరైనా చెబుతారు. నేను రాసేది ముఖ్యంగా ఒక్క ఫిర్యాదు గురించి. ఫైలు చాలా నిదానంగా దిగుతోందన్న ఫిర్యాదు. దాన్ని బాగుచేయబోయి నేను చేసిన తప్పు, ఆ తప్పును దిద్దుకోవడానికి పడ్డ పాట్లు, చివరికి తెర మీద పచ్చగుర్తు వెలిగినప్పుడు నేను వేసిన కేక, అన్నీ ఇందులో ఉన్నాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

ఒక్క నంబరు, ముప్పై ఆరు ఫోన్లు

మాది ఉప్పలే. తాతల నాటికి వ్యవసాయం, మా నాన్న నాటికి ఆ పొలాల్లో ఇళ్లు లేచాయి. నేను నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటర్‌గా పద్దెనిమిదేళ్లు చేశాను. బయటివాళ్లకు మా ఫ్యాక్టరీ అంటే ఒక్క ఫోన్ నంబరు. లోపల ముప్పై ఆరు ఎక్స్‌టెన్షన్లు. లోపలివాళ్లు బయటికి మాట్లాడాలంటే సులువు, లైను ఇస్తే చాలు. బయటినుంచి వచ్చిన ఫోనును మాత్రం ఎవరికి కలపాలో నాకు తెలిసుండాలి. "స్టోర్స్‌లో రాములు" అంటే పదకొండు. "క్వాలిటీ ల్యాబ్" అంటే ఇరవై నాలుగు. ఎవరు కావాలో చెప్పని ఫోన్‌ను పెట్టేసేదాన్ని.

సెల్‌ఫోన్లు వచ్చాయి, నా బోర్డుకు పని తగ్గింది. తర్వాత ఫ్యాక్టరీయే మూతపడింది. నలభై దాటిన ఆడమనిషిని, ఇంకేం పని దొరుకుతుంది అనుకుంటున్నప్పుడు మా వీధిలో ఉండే యాదగిరి వచ్చాడు. అతను ఇంటర్నెట్ కంపెనీలో ఇళ్లకు తిరిగి మోడెంలు బిగించే పని చేసేవాడు.

"అక్కా, మా ఆఫీసుల ఫోన్లు ఎత్తనీకి మనుషులు కావాల్నట. నీకు కోపంల ఉన్నోళ్లతోని మాట్లాడొస్తది గద. రా, నేను చెప్త" అన్నాడు.

అలా చేరాను. అక్కడ నా మొదటి బాసు ప్రభాకర్ సార్. గోడ మీద తెల్లబోర్డు పెట్టి, ఎవరు ఎన్ని ఫిర్యాదులు మూశారో రోజూ రాసేవాడు. ఎన్ని బాగుచేశారో రాసేవాడు కాదు, ఎన్ని మూశారో. ఆయన చెడ్డవాడు కాదు. అరిచే కస్టమర్‌ని ముందు పేరు అడగాలి, పేరు చెబుతూ ఎవరూ అరవలేరు అని నేర్పింది ఆయనే. కానీ ఆయనకు ఇష్టమైన మాట ఒకటుండేది: "కస్టమర్ సైడ్ ప్రాబ్లం." అది రాస్తే ఫిర్యాదు మూసుకుపోయేది. మీ ఆఫీసుల్లో ఇప్పుడు దానికి ఇంకేదో పేరుంటుంది. దాన్ని రాసే ముందు ఒక్కసారి ఆగండి. మీకు అర్థం కాని ప్రతిదీ కస్టమర్ తప్పు కాదు.

మూడుసార్లు మూసిన ఫిర్యాదు

తెలంగాణ ఉద్యమం ఊరంతా ఊగుతున్న రోజులవి. ఒక ఉదయం స్వరూప అనే అమ్మాయి ఫోన్ చేసింది. పీర్జాదిగూడలో చూపులేని పిల్లలకు కంప్యూటర్ నేర్పే ల్యాబు నుంచి.

"మేడం, వెబ్‌సైట్లు మంచిగనే తెరుచుకుంటున్నయ్. ఈ ఫైలు ఒక్కటే దిగుతలేదు. సెకనుకు మూడు కేబీ చూపెడ్తుంది."

ఎలా దించుకుంటున్నారని అడిగాను. ఫైల్ షేరింగ్ ప్రోగ్రాంతో అంది. అంటే ఒకచోటి నుంచి కాకుండా, ఆ ఫైలు ఉన్న రకరకాల మనుషుల కంప్యూటర్ల నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చుకోవడం. నేను ప్రభాకర్ సార్ వైపు చూశాను. ఆయన చెయ్యి ఊపాడు.

"సినిమాలు దొంగతనంగ దించుకునేటోళ్లకు మనమెందుకు సాయం జెయ్యాలె? కస్టమర్ సైడ్ అని రాయి."

రాశాను. మర్నాడు ఆమె మళ్లీ చేసింది. మళ్లీ మూశాను. మూడోరోజు చేసినప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"మేడం, నేను సినిమాలు చూడ. నాకు పుట్టినప్పటిసంది కండ్లు కనపడవు. ఒక్క రెండు నిమిషాలు వింటరా?"

విన్నాను. వాళ్ల ల్యాబులో ఎనిమిది కంప్యూటర్లు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటేనే వాళ్లు వాటిని వాడగలరు. వాళ్ల దగ్గరున్నది ట్రయల్‌గా వచ్చింది. నలభై నిమిషాలు మాట్లాడి మూగబోతుంది. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేస్తే ఇంకో నలభై నిమిషాలు. ఇంకో ఇరవై అయిదు రోజుల్లో స్వరూపతో కలిపి ఏడుగురికి ఒక ప్రభుత్వ ఆఫీసు ఉద్యోగాల టైపింగ్ పరీక్ష ఉంది. పరీక్ష గంటసేపు. అక్కడి కంప్యూటర్లలో పెట్టేది ఉచితంగా దొరికే వేరే ఆపరేటింగ్ సిస్టం, తెర చదివే గొంతు అందులోనే ఉంటుంది. దానికి తెలుగు గొంతు కూడా కలిపి ఎవరో ఔత్సాహికులు తయారుచేసి, ఫైల్ షేరింగ్‌లో మాత్రమే పెట్టారు. డీవీడీ నిండా పట్టేంత ఫైలు. సెకనుకు మూడు కేబీ చొప్పున పదిహేను రోజులకు పైగా పడుతుంది.

"మేము ఏడుగురం గంటసేపు ఆగకుంట టైప్ చేసి సూడలే మేడం, ఒక్కసారి గూడ. నలభై నిమిషాలకు నోరు మూస్కుంటది" అంది.

నేను ఆ ఫిర్యాదును మూయలేదు. ఆ సాయంత్రం యాదగిరిని పట్టుకున్నాను.

"ఇది నా పనే!"

మర్నాడు మధ్యాహ్నం యాదగిరి బండి వెనక కూర్చుని పీర్జాదిగూడ వెళ్లాను. చుట్టూ సగం లేచిన అపార్ట్‌మెంట్లు, సిమెంటు దుమ్ము. ఒక ఇంటి కింది అంతస్తులో పొడవాటి గది. స్వరూపకు ఇరవై ఆరేళ్లుంటాయి. మా చెప్పుల చప్పుడు వినగానే "ఇద్దరొచ్చిన్రా?" అంది.

యాదగిరి వాళ్ల కంప్యూటర్ నుంచి మోడెం సెట్టింగుల పేజీ తెరిచాడు. నేను అది చూడటం అదే మొదటిసారి. ఆ పెట్టె ఉత్త మోడెం కాదు, రూటర్ కూడా. బయట ప్రపంచానికి ల్యాబు మొత్తానికీ కలిపి ఒక్క అడ్రసు. లోపల ఎనిమిది కంప్యూటర్లకు ఎనిమిది వేరే నంబర్లు.

"ఇంట్లకెంచి బయటికి అడిగితే రూటర్ పోనిస్తదక్కా. బయటోళ్లు తమంతట తాము వస్తే మాత్రం ఎవరికియ్యాల్నో దానికి తెల్వదు, పారేస్తది. గందుకే పోర్టు అని ఒక నంబరుంటది. ఈ పోర్టుకు వచ్చింది ఈ మిషన్‌కు ఇయ్యి అని మనం రాసియ్యాలె."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "యాదగిరీ! ఇది ఎక్స్‌టెన్షన్! ఇది నా పనే!" అని అరిచాను. పద్దెనిమిదేళ్లు నేను చేసిన పనిని ఈ అరచేతంత పెట్టె చేస్తోంది. కాకపోతే దీనికి ఎవరూ ఎక్స్‌టెన్షన్ల జాబితా ఇవ్వలేదు!

అంతకంటే పెద్ద సంగతి ఆ వెంటనే తట్టింది. ఈ ఫైలు ఉన్నవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. వాళ్లలో చాలామంది కూడా ఇలాగే రూటర్ వెనక ఉండి ఉంటారు. బయటికి ఫోన్ చేయగలరు కానీ వాళ్లకు ఫోన్ రాదు. ఇటు స్వరూపదీ అదే పరిస్థితి. ఇద్దరికీ ఫోన్ రాకపోతే ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటారు? ఒక్కరి వైపైనా తలుపు తెరిచి ఉండాలి. వెబ్‌సైట్లు బాగా వచ్చి ఫైలు ఒక్కటే పాకడానికి కారణం అదే. లైనులో ఏ లోపమూ లేదు.

యాదగిరి పోర్టు రాశాడు. వేగం మూడు నుంచి కదల్లేదు. అతనికి ఇంకో ఇంటి నుంచి ఫోన్ వచ్చి వెళ్లిపోయాడు. "ఇంకేదో అడ్డమున్నదక్కా, రేపు సూద్దం" అన్నాడు. నాకు రేపటిదాకా ఆగే ఓపిక లేదు.

ఇక్కడే తప్పు చేశాను. అడ్డం ఏమిటో వెతకకుండా, ఉన్న అడ్డాలన్నీ తీసేశాను. బయటివాళ్లు చొరబడకుండా కంప్యూటర్‌లో కాపలా కాసే ఫైర్‌వాల్‌ను మొత్తం ఆపేశాను. రూటర్‌లో, బయటినుంచి ఏది వచ్చినా ఆ ఒక్క కంప్యూటర్‌కే ఇచ్చెయ్యమనే సెట్టింగ్ కనిపిస్తే అదీ పెట్టేశాను. వేగం ముప్పైకి ఎగిరింది, నలభైకి ఎగిరింది. స్వరూప చప్పట్లు కొట్టింది. ఆ రోజు ఉప్పల్ డిపో దాకా నడుస్తుంటే నేలకు రెండంగుళాల పైన ఉన్నట్టనిపించింది.

ఎనిమిది కంప్యూటర్లు

అవతలి రోజు కరెంటు పోయి వచ్చాక వేగం మళ్లీ పడిపోయిందని ఫోన్ వచ్చింది. మోడెం ఆపి వేయమన్నాను. కాసేపటికి దానంతట అదే పుంజుకుంది. నేను పట్టించుకోలేదు. మూడోరోజు స్వరూప మళ్లీ చేసింది.

"అక్కా, మిషన్లన్నీ వాటంతటవే బందైతున్నయ్. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగిపోయి మళ్ల స్టార్టయితున్నయ్. ఫస్టు నాది, గిప్పుడు అన్నీ."

హెడ్‌ఫోన్‌లో ఆమె వెనక నుంచి ఆ చప్పుళ్లు వినిపించాయి. కంప్యూటర్ గొంతు ఒక మాట సగంలో తెగిపోవడం, మళ్లీ మొదలయ్యే సంగీతం, ఇంకో మూల ఇంకొకటి తెగిపోవడం. నేను తలుపులు బార్లా తెరిచిపెట్టిన కంప్యూటర్‌లోకి బయటినుంచి వైరస్ వచ్చింది. అక్కడినుంచి మిగతా ఏడింటికీ పాకింది.

ప్రభాకర్ సార్‌కు చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు చేసినట్టు ఏడ రాయకు. వాళ్లే ఏదో పెన్‌డ్రైవ్ పెట్టిన్రు అని రాసి మూసెయ్. నీ నౌకరి పోతది విజయమ్మా."

ఆయన నా మంచి కోరే చెప్పాడు, అది నాకు తెలుసు. ఆ నాలుగు మాటలు టైప్ కూడా చేశాను. కానీ పంపే బటన్ నొక్కలేకపోయాను. కంప్యూటర్ మూగబోతే చీకటిలో కూర్చున్నట్టు కూర్చునే ఏడుగురు గుర్తొచ్చారు. అది చెరిపేసి, వెనక గదిలోకి వెళ్లాను. అక్కడ నెట్‌వర్క్ మొత్తం చూసే షహనాజ్ మేడం ఉండేది. ఆమెతో అంతవరకు నేను నమస్తే తప్ప మాట్లాడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆమె అంతా విని, "కిటికీ పెట్టుమంటే గోడనే కూలగొట్టినవా?" అంది. తిడుతుందనుకున్నాను. కాగితం తీసి నా ముందు పెట్టింది. "బయటి నుంచి ఒక ముక్క బయల్దేరింది. అది స్వరూప మిషన్ దాంక రావాలె. నడుమ ఎన్ని జాగల ఆగుతదో గీయి."

గీశాను. మొదట రూటర్. తర్వాత కంప్యూటర్ ఫైర్‌వాల్. తర్వాత ఆ ప్రోగ్రాం.

"మూడు జాగలు. మూడింటి కాడ ఒక్కొక్క చిన్న తలుపు. మిగిలినదంత బందు. ఏ జాగల ఆగిందో తెల్వకుండ దేన్నీ ముట్టకు. జర సోంచాయించు, తర్వాత చెయ్యి పెట్టు."

నాకు దొరికిన అసలు ట్రైనింగ్ ఆ కాగితమే. ఆమె నా మీద ఫిర్యాదు రాయలేదు. యాదగిరిని రెండు రోజులు ఆ ల్యాబుకే పంపింది. అతను రూటర్‌ను మొదటి స్థితికి తెచ్చి, ఎనిమిది కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచేసి, సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాడు. అప్పటిదాకా దిగిన ఫైలు ముక్కలు కూడా తుడుచుకుపోయాయి. ఆ రెండు రోజులూ పిల్లలు ప్రాక్టీసు లేకుండా కూర్చున్నారు. పరీక్షకు ఇక మూడు వారాలు కూడా లేవు.

స్వరూపకు నేనే చెప్పాను, తప్పు నాదని.

"నేను మిమ్మల్ని నమ్మిన కదక్కా. తలుపులు మొత్తం తీసిన అని ఒక్క మాట నాకు చెప్తే నేనే వద్దంటుంటి. మా ఇల్లు మేము చూడలేమని అడగకుంట చేసిన్రు" అంది.

ఈ వ్యాసంలో మీరు ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. కస్టమర్ కంప్యూటర్‌లో ఏం మారుస్తున్నారో నోటితో చెప్పి, సరే అన్నాకే మార్చండి.

బంద్ రోజు

మళ్లీ మొదలుపెట్టాల్సిన రోజు తెలంగాణ బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. షహనాజ్ మేడం ఇంట్లోంచి కదల్లేని పరిస్థితి. యాదగిరి ఊరేగింపులో ఉన్నాడు. ఇంకొక రోజు ఆగవచ్చు. కానీ నేను ఆగలేకపోయాను, ఈసారి తొందరతో కాదు, నా వల్ల వాళ్లకు పోయిన రోజులు చాలనిపించి. ఆ కాగితాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుని, ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద నడక మొదలుపెట్టాను. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. కొందరు యువకులు ఆపారు.

"ఏడికి పోతున్నవ్ అక్కా, ఇయ్యాల బంద్ గద?"

"పీర్జాదిగూడకు. కండ్లు కనపడని పిల్లల కంప్యూటర్లు బాగుచెయ్యాలె."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పో అక్కా, జర పక్కకెంచి నడువు. జై తెలంగాణ!" అన్నారు. నేనూ గట్టిగా అన్నాను.

ల్యాబులో ఏడుగురూ ఉన్నారు. ఈసారి చేసే ప్రతి పనినీ ముందు పైకి చెప్పాను, స్వరూప సరే అన్నాక చేశాను. రూటర్‌లో ఒక్క పోర్టు, ఆమె కంప్యూటర్ నంబరుకు. కంప్యూటర్ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంచి, ఈ ఒక్క ప్రోగ్రాంకు మాత్రం అనుమతి. పోయినసారి యాదగిరికి అడ్డుపడ్డది ఇదేనని అప్పుడు అర్థమైంది. ఒక్క టిక్కు సరిపోయేదానికి నేను మొత్తం ఆపేశాను!

ప్రోగ్రాం అడుగున చిన్న గుర్తు ఒకటుండేది. బయటివాళ్లు మనదాకా రాలేకపోతే పసుపు, రాగలిగితే పచ్చ. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. పసుపు. పసుపు. పచ్చ!

"పచ్చ!" అని అరిచాను. ఏడుగురూ అరిచారు. పన్నెండు, ఇరవై ఏడు, నలభై, నలభై ఎనిమిది. నేను అంకెలు పైకి చదువుతుంటే వాళ్లు క్రికెట్ స్కోరు విన్నట్టు విన్నారు.

గంట తర్వాత కరెంటు పోయింది. వచ్చింది. వేగం నాలుగు. గుర్తు పసుపు.

నేను అక్షరం మార్చలేదు. మరి ఏం మారింది? కాగితం మీద మూడు చోట్లూ చూశాను. రూటర్‌లో పోర్టు అలాగే ఉంది, ఫైర్‌వాల్ అనుమతి అలాగే ఉంది. షహనాజ్ మేడంకు ఫోన్ చేస్తే "ఏం మారిందో నువ్వే చెప్పాలె, నేను ఆడ లేను" అంది. నేను తల పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు స్వరూప అంది: "అక్కా, మొన్న గూడ గిట్లనే అయింది. మంచిగ నడుస్తుంటది, కరెంట్ పోయొచ్చినంక ఖరాబైతది. నేను మీకు ఫోన్ల చెప్పిన."

"అవును, చెప్పినవ్."

"ఇంకోటి. కరెంట్ రాంగనే మేము మిషన్లు ఆన్ చేస్తం గద. ఎవరు ముందు ఆన్ చేస్తరో ఒక్క తీరు ఉండది. పొద్దుగాల ఫస్ట్ నాది. గిప్పుడు నాది ఐదోది. నేను చప్పుళ్లు లెక్కపెట్టిన."

నా చెయ్యి అప్పటికే మౌసు మీద ఉంది. ఆమె కంప్యూటర్ నంబరు చూశాను. పొద్దున చివరి అంకె రెండు ఉండేది. ఇప్పుడు ఆరు! ఆ చవక రూటర్ మనం రాసిచ్చింది గుర్తుంచుకుంటుంది కానీ, కరెంటు పోగానే తను ఎవరికి ఏ నంబరు ఇచ్చిందో మరిచిపోతుంది. ఒకటో నంబరు తనదే, కరెంటు వచ్చాక ముందు లేచినవాళ్లకు రెండు, తర్వాతివాళ్లకు మూడు, అలా వరసగా ఇస్తుంది. మేము పోర్టు రాసింది రెండో నంబరుకు. ఇప్పుడు ఆ నంబరు కిటికీ పక్కన ఇంకో అమ్మాయి కంప్యూటర్‌ది. బయటినుంచి వచ్చేవన్నీ వెళ్లి అక్కడ తలుపు కొడుతున్నాయి, అక్కడ తీసేవాళ్లు లేరు.

"స్వరూపా! నువ్వు పట్టినవ్! ఇన్ని రోజులు నాకు తట్టలే!" అని ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాను. ఆమె పగలబడి నవ్వింది. వైరస్ సంగతి చెప్పిన తర్వాత ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

ఆమె కంప్యూటర్‌కు ఎప్పటికీ మారని నంబరు ఒకటి పెట్టి, పోర్టును దానికి రాశాను. పచ్చ వచ్చింది. అయితే ఈసారి నమ్మడానికి సిద్ధంగా లేను. "అన్నీ బంద్ చేద్దమా? రూటర్ గూడ?" అని అడిగాను.

"చెయ్యండి. ఈసారి నాది అందరికన్న ఆఖర్ల ఆన్ చేస్త" అంది స్వరూప.

మెయిన్ స్విచ్ ఆపాం. మళ్లీ వేశాం. ఒక్కొక్కరూ ఆన్ చేశారు. ఎనిమిదోదిగా ఆమెది లేచింది. గదిలో ఎవరూ కదల్లేదు. పసుపు... పచ్చ.

సాయంత్రానికి ఇంకో చిక్కు వచ్చింది. వేగం దానంతట అదే తగ్గింది, వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవడం మానేశాయి. ఫోన్‌లో షహనాజ్ మేడం ఒకే ప్రశ్న అడిగింది: "పైకి ఎంత పోతుంది?" ఫైల్ షేరింగ్‌లో మనం తీసుకుంటూనే, దిగిన ముక్కలు ఇతరులకు ఇస్తుంటాం. మా లైనులో పైకి, అంటే మన దగ్గర్నుంచి బయటికి, వెళ్లే దారి ఇరుకు. ఇవ్వడంతోనే అది నిండిపోతే, "నాకు అందింది, తర్వాతి ముక్క పంపు" అన్న కబురు కూడా బయటికి పోలేదు. ఇచ్చేదానికి ఒక పరిమితి పెట్టగానే రెండూ సర్దుకున్నాయి. ఇవ్వడం పూర్తిగా ఆపేద్దామా అని నేను అడిగితే స్వరూప ఒప్పుకోలేదు. "మనకు ఇచ్చేటోళ్లు గూడ గట్లనే అనుకుంటే?" అంది.

రెండు రోజుల్లో, నాలుగు కరెంటు కోతలు దాటి, ఫైలు పూర్తయింది.

గంటసేపు

యాదగిరి ఎనిమిది కంప్యూటర్లలోనూ ఆ సిస్టం ఎక్కించిన రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. స్వరూప తన పేరు తెలుగులో టైప్ చేసింది. కంప్యూటర్ ముక్కుతో మాట్లాడినట్టు "స్వ-రూ-ప" అంది. అందరూ నవ్వారు. తర్వాత ఏడుగురూ ఒకేసారి టైపింగ్ మొదలుపెట్టారు. నలభయ్యో నిమిషం దగ్గరికొచ్చేసరికి ఏడుగురి వేళ్లూ తమకు తెలియకుండానే నెమ్మదించాయి. మూగబోతుందని అలవాటు. గొంతు ఆగలేదు. నలభై ఒకటి, నలభై రెండు. ఒక అమ్మాయి టైప్ చేస్తూనే కళ్లు తుడుచుకుంది. గంట అయ్యాక ఎవరూ ఆపలేదు, ఇంకో పావుగంట కొట్టారు.

పరీక్షలో ఏడుగురిలో ఐదుగురు ఎంపికయ్యారు. స్వరూప వాళ్లలో ఒకరు. మిగతా ఇద్దరికీ ఆమే తర్వాత ఆదివారాలు నేర్పి, వచ్చే పరీక్షకు కూర్చోబెట్టింది. ప్రభాకర్ సార్‌కు ఫలితాలు చెబితే కాసేపు తెల్లబోర్డు వైపు చూసి, "మంచి పని జేసినవ్" అన్నాడు. బోర్డును మాత్రం తీయలేదు. షహనాజ్ మేడం నన్ను తన గదిలోకి తీసుకుంది. పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశాను.

తర్వాత ఇలాంటి ఫిర్యాదులు నేను చాలా చూశాను. నిజమే, వాటిలో సినిమాల కోసం చేసేవాళ్లు బోలెడుమంది. ఆ పనిని నేను మెచ్చుకోను. కానీ ఎవరు దేనికోసం అడుగుతున్నారో వినకుండానే మీకు తెలిసిపోదు. వినండి. ఏం మారింది, ఎప్పుడు మారింది అని అడగండి. జవాబు చాలాసార్లు కస్టమర్ దగ్గరే ఉంటుంది, వాళ్లు మీకు ఫోన్‌లో ఒకసారి చెప్పేసి కూడా ఉంటారు.

తెలంగాణ వచ్చిన తర్వాత

రాష్ట్రం వచ్చిన ఆ ఎండాకాలంలో ఉప్పల్ చౌరస్తా అంతా గులాల్ రంగు. కొద్దిరోజులకే ల్యాబుకు ఉప్పల్‌లో పెద్ద హాలు దొరికింది. సామాను తరలించే రోజు కంప్యూటర్లు విప్పడానికి నన్నూ రమ్మన్నారు. బయట ట్రాలీ ఆటో నిలబడి ఉంది. ఏడు కంప్యూటర్లు ఎక్కించేశాం. స్వరూపది ఒక్కటే మిగిలింది. అది అప్పటికీ ఆ సిస్టం కొత్త వెర్షన్‌ను పంచుతూనే ఉంది.

నేను రూటర్ వైరు పీకబోయాను. స్వరూప అప్పుడే కీబోర్డు మీద ఏదో నొక్కి, గొంతు చదివింది విని, చెయ్యి ఎత్తింది.

"ఆగక్కా. ముగ్గురున్నరు."

"ఎవరు?"

"ఎవరో తెల్వదు. మన దగ్గర్నుంచి తీస్కుంటున్నరు. ఇద్దరికి అయిపోవస్తుంది. ఒకరికి ఇంకా ముప్పై శాతం మిగిలింది."

డ్రైవర్ తొంగిచూశాడు. "ఏంది మేడం, ఇంకెంతసేపు?"

"ఇంకో మనిషి ఉన్నడు అన్నా, జర ఆగు" అంది స్వరూప. అతను ఖాళీ గదంతా కలియజూసి, ఏమీ అర్థం కాక, బయటికి వెళ్లి బీడీ వెలిగించుకున్నాడు.

మేమిద్దరం చాప కూడా లేని గచ్చు మీద కూర్చున్నాం. ఆమె కొన్ని నిమిషాలకొకసారి మీట నొక్కేది, గొంతు అంకె చెప్పేది. డెబ్బై ఆరు. ఎనభై నాలుగు. తొంభై మూడు. ఎక్కడి మనిషో, ఏ భాషవాడో, ఎవరికోసం దించుకుంటున్నాడో మాకు తెలియదు. అయినా తొంభై తొమ్మిది వినగానే ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం.

"నూరు" అంది గొంతు.

"ఇగ పీకు అక్కా" అంది స్వరూప.